బస్సు తీసేస్తామన్నారు, బడ్జెట్ చదవడం మొదలుపెట్టాను

న్యూజెర్సీలో ఇల్లు చూసుకునే తెలుగు కుటుంబం ఏదైనా ముందు అడిగేది "స్కూల్స్ ఎలా ఉన్నాయి?" అనే. ఆ తర్వాత ప్రాపర్టీ టాక్స్ ఎంత అని. మేమూ అంతే. రేటింగ్ చూసుకున్నాం, బానే ఉందనుకున్నాం, సంతకాలు పెట్టేశాం. ఆ స్కూళ్ళని ఎవరు నడుపుతారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆ రేటింగ్ దేన్ని బట్టి ఇస్తారు అన్నవి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. 2024 మార్చిలో మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊళ్ళో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) నుంచి ఈమెయిల్ వచ్చేదాకా.

వచ్చే విద్యా సంవత్సరానికి "కర్టసీ బస్సు" ఆపేసే ఆలోచన ఉందని అందులో రాశారు. మా వాట్సాప్ గ్రూప్ భగ్గుమంది. పది వేల డాలర్లు పన్ను కడుతుంటే బస్సు కూడా ఇవ్వరా, ఇది అన్యాయం, లాయర్‌ని పెడదాం, ఇలా రాత్రి పన్నెండు దాకా మెసేజ్‌లే మెసేజ్‌లు. తీరా చూస్తే చట్టం వాళ్ళ వైపే ఉంది. న్యూజెర్సీలో ఎనిమిదో గ్రేడ్ దాకా పిల్లలకి ఇంటికీ స్కూలుకీ రెండు మైళ్ళకి మించి దూరం ఉంటేనే, హైస్కూల్ పిల్లలకి రెండున్నర మైళ్ళు దాటితేనే డిస్ట్రిక్ట్ రవాణా ఏర్పాటు చేసి తీరాలి. అంతకన్నా దగ్గర ఉన్నవాళ్ళకి ఇన్నాళ్ళూ బస్సు పంపింది మర్యాదకొద్దీ అన్నమాట, అందుకే ఆ పేరు. మా టౌన్‌హౌస్ కమ్యూనిటీ స్కూలుకి రెండు మైళ్ళ లోపే ఉంది.

మాది చాలా చిన్న డిస్ట్రిక్ట్. రెండు భవనాలు, ఆరేడు వందల మంది పిల్లలు, కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకానే. హైస్కూల్‌కి పిల్లల్ని పక్క డిస్ట్రిక్ట్‌కి పంపి, తలకింత అని వాళ్ళకి ట్యూషన్ ఫీజు కడుతుంది మా డిస్ట్రిక్ట్. ఎడిసన్‌లో, సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉండే మన స్నేహితులకి ఈ సంగతి చెబితే నమ్మరు, వాళ్ళ దగ్గర ఒక్క హైస్కూల్లోనే మా డిస్ట్రిక్ట్ మొత్తం కంటే ఎక్కువ మంది ఉంటారు. కానీ న్యూజెర్సీలో మాలాంటివి బోలెడు. 21 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), 564 మున్సిపాలిటీలు ఉన్న ఈ చిన్న రాష్ట్రంలో స్కూల్ డిస్ట్రిక్టులు దాదాపు ఆరు వందలు. ఎవరి ఊరి బడి వాళ్ళదే, ఎవరి సూపరింటెండెంట్ (బడులన్నిటికీ పై అధికారి) వాళ్ళకే.

స్కూల్ బోర్డ్ మీటింగ్‌కి వెళ్ళడం అదే మొదలు. మిడిల్ స్కూల్ లైబ్రరీలో పెట్టారు. ఏడుగురు సభ్యులు గుర్రపు నాడాలా వేసిన బల్లల వెనక కూర్చున్నారు, వాళ్ళకి ఒక చివర సూపరింటెండెంట్, ఇంకో చివర లాప్‌టాప్ ముందు డబ్బు లెక్కలు చూసే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్. మాకిచ్చిన కుర్చీలు మూడో గ్రేడ్ పిల్లలవి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. జెండా వందనం, హాజరు పిలవడం అయ్యాక ఎజెండాలో ఉన్న అంశాలన్నీ ఒక్క దెబ్బకి ఆమోదించేశారు. సబ్‌స్టిట్యూట్ టీచర్ల నియామకాలు, ఫీల్డ్ ట్రిప్పులు, బిల్లుల చెల్లింపు, ఎవరిదో మెటర్నిటీ లీవ్, అన్నీ కలిపి ఒకే ఓటు. నాకు ఇదేదో మోసంలా అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆ అంశాలన్నీ అంతకు ముందే కమిటీల్లో నలిగి వస్తాయని, ఎజెండా రెండు రోజుల ముందే వెబ్‌సైట్‌లో ఉంటుందని, చదవాల్సింది అప్పుడేనని.

పబ్లిక్ కామెంట్ వంతు వచ్చింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మైకు దగ్గర పేరు, ఊరు చెప్పాలి. నా పక్కన కూర్చున్న అక్క (మా వీధిలోనే ఉంటారు, వరంగల్ వాళ్ళు) నా చెవిలో అడిగారు, "మనం సిటిజన్స్ కాదు కదా, మాట్లాడొచ్చంటావా?" మాట్లాడొచ్చు. ఓటు వేయాలన్నా బోర్డుకి పోటీ చేయాలన్నా సిటిజన్ అయి ఉండాలి గానీ, మైకు ముందు నిలబడటానికి ఆ లెక్క లేదు. ప్రతి మీటింగ్‌లోనూ జనం మాట్లాడటానికి సమయం కేటాయించాలని రాష్ట్ర చట్టంలోనే ఉంది. హెచ్‌1బీ మీదుండి, గ్రీన్ కార్డు లైన్లో ఏళ్ళ తరబడి నిలబడి, ప్రాపర్టీ టాక్స్ మాత్రం అందరితో సమానంగా కట్టే మనలాంటి వాళ్ళకి చేతిలో ఉన్నది ఆ మూడు నిమిషాలే. మన వాళ్ళు దాన్ని కూడా వాడుకోరు, అది నా బాధ.

నేను మాట్లాడాను, అక్క కూడా మాట్లాడారు, ఇంకో పది మంది మాట్లాడారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. "థాంక్యూ ఫర్ యువర్ కామెంట్" అని బోర్డ్ ప్రెసిడెంట్ అంటారు, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఒళ్ళు మండింది. జవాబు చెప్పకపోవడం అక్కడి పద్ధతి అని తర్వాత తెలిసింది. ఒక్క సభ్యుడు నోరు జారి "బస్సు ఉంచుతాం" అంటే అది బోర్డు మాట అయిపోదు, ఓటు పడితేనే అవుతుంది. పద్ధతి బాగానే ఉంది, పిల్లల గురించి దిగులుతో వచ్చిన మనిషికి మాత్రం అది గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ఏదో ఒక చోట జవాబు రాతపూర్వకంగా పెట్టొచ్చు కదా అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ వారమే నాన్నతో వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారాయన.

"అక్కడ డీఈఓ ఎవరమ్మా?" అన్నారు.

"డీఈఓ ఉండడు నాన్నా. సూపరింటెండెంట్ ఉంటాడు. బోర్డే ఆయన్ని కాంట్రాక్ట్ మీద పెట్టుకుంటుంది."

"బోర్డుని ఎవరు వేస్తారు?"

"ఊళ్ళో వాళ్ళు నవంబర్‌లో ఓటేస్తారు. మూడేళ్ళ పదవి. జీతం ఉండదు."

"జీతం లేకుండా ఎవడు చేస్తాడు? సరే, ట్రాన్స్‌ఫర్లు ఎవరు చేస్తారు మరి?"

ట్రాన్స్‌ఫర్లు లేవంటే ఆయనకి మొదట సంతోషం వేసింది. సర్వీసంతా కౌన్సెలింగ్‌లు, స్పౌజ్ పాయింట్లు, రేషనలైజేషన్ జీవోలతో గడిపిన మనిషి. ఇక్కడ టీచర్ రాష్ట్ర ఉద్యోగి కాదు, ఆ డిస్ట్రిక్ట్ ఉద్యోగి, నాలుగేళ్ళు పనిచేస్తే ఉద్యోగ భద్రత వస్తుంది అని చెప్పాను. కాసేపు ఆగి అడిగారు, "మరి పోస్టు తీసేస్తే ఎక్కడికి పంపుతారు?" ఎక్కడికీ పంపరు నాన్నా, ఉద్యోగమే పోతుంది అన్నాను. "అదేం పద్ధతి" అన్నారు. ఆ ప్రశ్న అడగాలని నాకు అంతవరకూ తట్టలేదు.

బోర్డు స్కూళ్ళని నడపదు. ఇది నాకు చాలా ఆలస్యంగా బుర్రకెక్కింది. బోర్డు సభ్యులకి చట్టంలోనే ఒక నియమావళి ఉంది, దాని ప్రకారం స్కూళ్ళని నడపడం వాళ్ళ పని కాదు, సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం వాళ్ళ పని. సూపరింటెండెంట్‌ని నియమించడం, విధానాలు పెట్టడం, బడ్జెట్ ఆమోదించడం, అంతే. ఏ టీచర్‌ని ఏ క్లాసులో వేయాలి, ఏ బస్సు ఏ వీధిలో ఆగాలి అన్నది సూపరింటెండెంట్, బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ చూసుకుంటారు. మనవాళ్ళేమో తెలిసిన బోర్డు మెంబర్‌ని గ్రోసరీ షాపులో పట్టుకుని "మా అబ్బాయి సెక్షన్ మార్పించండి" అంటారు. ఆయన ఆ పని చేస్తే అది నైతిక నియమాల ఉల్లంఘన, ఆయన మీద ఫిర్యాదు కూడా వేయొచ్చు.

ఇక డబ్బు సంగతి. న్యూజెర్సీలో ప్రతి డిస్ట్రిక్టూ మామూలు మనిషికి అర్థమయ్యేలా "యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్" అని ఒక పత్రం వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేరులో ఉన్నంత స్నేహం పత్రంలో లేదు గానీ, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అర్థమవుతుంది. ఆదాయంలో సింహభాగం మన ప్రాపర్టీ టాక్స్. రాష్ట్రం మొత్తం మీద చూసినా ప్రాపర్టీ టాక్స్‌లో సగానికి పైగా స్కూళ్ళకే పోతుంది, రాష్ట్ర సగటు బిల్లు 2024లో పది వేల డాలర్లు దాటింది. ఆ పన్ను వసూలు చేసేది టౌన్‌షిప్ (ఊరి మున్సిపాలిటీ), డిస్ట్రిక్ట్ కాదు. ఎవరైనా పన్ను ఎగ్గొట్టినా స్కూళ్ళ వాటా మాత్రం టౌన్‌షిప్ పూర్తిగా ఇచ్చేయాలి. మిగిలింది రాష్ట్రం సాయం, కేంద్రం నుంచి వచ్చే కాస్త.

ఆ రాష్ట్ర సాయం దగ్గరే మాకు గండి పడింది. 2008లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఒక్కో డిస్ట్రిక్ట్‌కి పిల్లల సంఖ్యని బట్టి, పేద పిల్లలు, ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఎంత ఖర్చు కావాలో లెక్క కడతారు. ఆ ఊరి ఇళ్ళ విలువ, ఆదాయాలు చూసి ఊరు ఎంత భరించగలదో ఇంకో లెక్క. తేడా ఎంతో అంత రాష్ట్రం ఇస్తుంది. 2018లో గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన సవరణ (అందరూ ఎస్2 అంటారు) ఏం చేసిందంటే, లెక్క కన్నా ఎక్కువ సాయం పొందుతున్న డిస్ట్రిక్టులకి ఏడేళ్ళలో దశలవారీగా కోత పెట్టి, తక్కువ పొందుతున్న వాళ్ళకి పెంచుకుంటూ పోయింది. న్యాయమైన ఆలోచనే, ఏళ్ళ తరబడి తక్కువతో నెట్టుకొచ్చిన ఊళ్ళు ఉన్నాయి. మేం మాత్రం కోత పడే జాబితాలో ఉన్నాం. మా ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగాయి, పిల్లల సంఖ్య తగ్గింది, కాబట్టి లెక్క ప్రకారం మేం "భరించగలం". ఇళ్ళ ధర పెరిగిందని మనం సంబరపడుతుంటే, అదే కారణంగా స్కూలుకి వచ్చే సాయం తగ్గుతోందన్న మాట. 2024-25 ఆ ఏడేళ్ళలో ఆఖరి ఏడాది. కోవిడ్ సమయంలో కేంద్రం ఇచ్చిన డబ్బు కూడా 2024 సెప్టెంబర్‌తో ముగిసిపోయింది. రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి.

పోనీ పన్ను పెంచి సర్దుకుందామంటే అక్కడా కళ్ళెం ఉంది. 2010లో క్రిస్ క్రిస్టీ గవర్నర్‌గా ఉన్నప్పుడు తెచ్చిన చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ పన్ను మొత్తాన్ని ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదు. ఆరోగ్య బీమా లాంటి వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అంతకు మించి కావాలంటే జనం ఓటు వేయాలి. ఖర్చు చూస్తే జీతాలు, ఆరోగ్య బీమాకే ఎక్కువ భాగం పోతుంది. ఆ బీమా ప్రీమియం రెండు శాతం దగ్గర ఆగుతుందా? మన ఆఫీసుల్లో ఆగుతోందా? మరి మంచి రోజుల్లో దాచుకోవచ్చు కదా అని మా ఆయన అన్నారు. అదీ కుదరదు. బడ్జెట్‌లో రెండు శాతానికి మించి (చిన్న డిస్ట్రిక్టులకైతే రెండున్నర లక్షల డాలర్లకి మించి) మిగులు పెట్టుకోకూడదు, పైన ఉన్నది పన్ను తగ్గించడానికి వాడేయాలి. భవనాల మరమ్మతుల్లాంటి వాటికి విడిగా రిజర్వులు పెట్టుకోవచ్చు, కానీ ఆ డబ్బుతో టీచర్ జీతం ఇవ్వలేరు.

చిన్న డిస్ట్రిక్ట్‌కి అన్నిటికన్నా గడ్డు సమస్య ప్రత్యేక విద్య. ఒక పిల్లాడి అవసరాలు మన స్కూల్లో తీరవని తేలితే, తీరే చోటికి పంపించి ఫీజు, రవాణా డిస్ట్రిక్టే భరించాలి, 1975 నుంచి కేంద్ర చట్టం అదే. ఒక్క బిడ్డకి ఏడాదికి లక్ష డాలర్ల దాకా కూడా అవ్వొచ్చు. ప్రైవేటు ప్రత్యేక స్కూల్ ఖర్చు 55,000 డాలర్లు దాటితే దాటిన దాంట్లో కొంత రాష్ట్రం తిరిగి ఇస్తుంది, కొంతే. పెద్ద డిస్ట్రిక్ట్‌లో ఇలాంటి కుటుంబం ఒకటి కొత్తగా వచ్చినా బడ్జెట్‌లో తెలియదు. మా దగ్గర ఆగస్టులో రెండు కుటుంబాలు వస్తే ఒక టీచర్ పోస్టు ఎగిరిపోతుంది. ఒక మీటింగ్‌లో ఎవరో లేచి "బయటి స్కూళ్ళకి పంపేది ఎంతమందిని, ఏ గ్రేడు, ఎంత ఖర్చు?" అని గట్టిగా అడిగారు. బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ మొత్తం ఖర్చు చెప్పి, గ్రేడులు చెప్పనన్నారు. మా ఊళ్ళో గ్రేడు చెబితే పిల్లాడి పేరు చెప్పినట్టే. అడిగినాయన కోపంగా కూర్చున్నాడు, నాకైతే ఆ వెనక వరసలో కూర్చున్న ఒకావిడ ముఖం చూసే ధైర్యం రాలేదు. మన గ్రూపులో కూడా "వాళ్ళ వల్లే మన బస్సు పోయింది" అని ఒకరు రాశారు. ఆ మెసేజ్ తీసేయించాం.

బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌ని విడిగా కలిసే అవకాశం అడిగితే వెంటనే ఇచ్చారు. చిన్న డిస్ట్రిక్ట్‌లో ఉన్న సుఖం ఇది, పై అధికారి గది తలుపు తీసే ఉంటుంది. అంతకు ముందే బస్సు కాంట్రాక్ట్ కాపీ కావాలని ప్రభుత్వ రికార్డుల చట్టం కింద అడిగాను (ఇక్కడి సమాచార హక్కు లాంటిది, అప్పట్లో ఏడు పనిదినాల్లో ఇవ్వాలి), అది పట్టుకునే వెళ్ళాను. ఆవిడ స్క్రీన్ మీద రూట్లు తెరిచి చూపించారు. ఒక్కో బస్సు పొద్దున రెండు ట్రిప్పులు వేస్తుంది, ముందు మిడిల్ స్కూల్ పిల్లల్ని దింపి, వెనక్కి వచ్చి చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటుంది. కాంట్రాక్ట్ బస్సు లెక్కన, స్టాపుల లెక్కన కాదు. అంటే మా కమ్యూనిటీ స్టాపు ఒక్కటీ తీసేస్తే పైసా మిగలదు. మిగలాలంటే ఒక బస్సు రెండు ట్రిప్పులూ పూర్తిగా ఆగిపోవాలి, అందుకు రెండు మైళ్ళ లోపు ఉన్న అందర్నీ తీసేయాలి. ఇది ఈమెయిల్‌లో ఎక్కడా లేదు. ఇదే సంగతి ముందు చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఆవిడని అదే అడిగితే, నవ్వి, "ఎవరూ అడగలేదు" అన్నారు.

అక్కణ్ణుంచి మా వాదన మారిపోయింది. బస్సు మా హక్కు అనడం మానేసి ఏ దారి నడవడానికి ప్రమాదకరమో చూపించడం మొదలుపెట్టాం. కర్టసీ బస్సు నడిపే డిస్ట్రిక్ట్‌కి ప్రమాదకర మార్గాల గురించి ఒక విధానం ఉండాలని చట్టం చెబుతోంది. ట్రాఫిక్ ఎంత, వాహనాల వేగం ఎంత, ఫుట్‌పాత్ ఉందా, ఇలాంటివి చూడాలి. మా డిస్ట్రిక్ట్‌కి ఆ విధానం ఉంది, కానీ అందులోని మార్గాల జాబితాని మా కమ్యూనిటీ కట్టక ముందు రాశారు.

ఒక పొద్దున ఏడున్నరకి నేనూ, వరంగల్ అక్కా, ఇంకో ఇద్దరు తల్లులూ ఆ దారిలో నడిచాం. మా గేటు నుంచి కుడివైపు తిరిగితే కౌంటీ రోడ్డు, వేగ పరిమితి 45. ఫుట్‌పాత్ బ్యాంకు పార్కింగ్ లాట్ దాకా ఉండి అక్కడ ఠక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత తెల్ల గీతకి అవతల మూడడుగుల తారు, దాని పక్కన కాలువ. చెత్త బండి వచ్చినప్పుడు మేం నలుగురం కాలువ గట్టు మీదికి ఎక్కాల్సి వచ్చింది. మంచు పడితే రోడ్డు మీది మంచంతా తోసి ఆ మూడడుగుల మీదే పోస్తారు. టర్న్ దగ్గర సిగ్నల్ ఉంది గానీ క్రాసింగ్ గార్డ్ లేరు. ఫోటోలు, వీడియోలు తీశాం, టేపు పెట్టి కొలిచాం కూడా. గార్డ్‌ని పెట్టమని డిస్ట్రిక్ట్‌ని అడిగితే అది టౌన్‌షిప్ పని అన్నారు, నిజమే, క్రాసింగ్ గార్డులు మున్సిపాలిటీ, పోలీసు శాఖ కింద ఉంటారు. టౌన్‌షిప్ వాళ్ళని అడిగితే రోడ్డు కౌంటీది అన్నారు. అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, పిల్లలు మాత్రం ఆ మూడడుగుల్లోనే నడవాలి.

బడ్జెట్ క్యాలెండర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ళందరూ దెబ్బతినేది ఇక్కడే. విద్యా సంవత్సరం బడ్జెట్ జులై 1న మొదలవుతుంది. ప్రిన్సిపాళ్ళు తమకేం కావాలో శీతాకాలం మొదట్లోనే రాసి ఇస్తారు. ఫిబ్రవరి చివర్లో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం, ఒకటి రెండు రోజుల్లో ఏ డిస్ట్రిక్ట్‌కి ఎంత సాయమో బయటికొస్తుంది. మార్చిలో తాత్కాలిక బడ్జెట్‌ని బోర్డు ఆమోదించి కౌంటీ సూపరింటెండెంట్ ఆఫీసుకి పంపుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో బహిరంగ విచారణ, అక్కడే తుది ఓటు. మనం అందరం వెళ్ళేది ఆ విచారణకి. హాలు కిక్కిరిసి ఉంటుంది, కన్నీళ్ళు పెట్టుకుంటారు, చప్పట్లు కొడతారు. అప్పటికి మార్చగలిగింది దాదాపు ఏమీ ఉండదు. జనవరిలో ఫైనాన్స్ కమిటీ ఎజెండా చూసి ఒక ఈమెయిల్ పెట్టిన మనిషి మాట, ఏప్రిల్‌లో హాల్లో అరిచిన వంద మంది మాట కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. పూర్వం ఏప్రిల్‌లో ఊరు బడ్జెట్ మీద ఓటేసేది, 2012 నుంచి చాలా డిస్ట్రిక్టులు ఎన్నికల్ని నవంబర్‌కి మార్చుకున్నాయి, అలా మార్చుకున్న చోట పన్ను పెంపు రెండు శాతం లోపు ఉంటే బడ్జెట్‌కి జనం ఓటు అక్కర్లేదు.

ఆ విచారణలో ఎక్కువ మంది మాట్లాడింది రేటింగ్ గురించే. టీచర్లని తీసేస్తే రేటింగ్ పడిపోతుంది, రేటింగ్ పడితే ఇళ్ళ ధరలు పడిపోతాయి. నాన్న పెంపకం వల్లేమో, నాకు మార్కులంటే వెనక లెక్క చూడాలనిపిస్తుంది. ఇక్కడ మూడో గ్రేడ్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఏటా వసంతంలో రాష్ట్ర పరీక్ష ఉంటుంది, ఎన్‌జేఎస్‌ఎల్‌ఏ అంటారు. అప్పట్లో 650 నుంచి 850 దాకా స్కోరు, 750 వస్తే ఆ గ్రేడ్ స్థాయి అందుకున్నట్టు. లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద సగం మంది కూడా ఆ గీత దాటడం లేదు. మా స్కూళ్ళ ఫలితాలు దానికన్నా మెరుగే, కానీ ఒక ఏడాది ఐదో గ్రేడ్ లెక్కల్లో శాతం బాగా పడిపోయిందని మన గ్రూపులో పెద్ద టెన్షన్. ఒక సెక్షన్‌లో ఇరవై మంది ఉంటే ఒక్క పిల్లవాడు అటూ ఇటూ అయితే ఐదు శాతం మారిపోతుంది కదా! ఆరేడు వందల మంది ఉన్న డిస్ట్రిక్ట్‌లో ఒక ఏడాది ఒక గ్రేడు శాతం చూసి స్కూలు బాగుందనీ బాగా లేదనీ అనడం అర్థం లేని పని. ఇంకా చిన్న గుంపులైతే నంబర్ బదులు చుక్క గుర్తు పెట్టి వదిలేస్తారు, పిల్లల గోప్యత కోసం.

నేనైతే రాష్ట్రం ఏటా ఇచ్చే స్కూల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఎదుగుదల కొలత చూస్తాను. కిందటేడు అదే స్కోరు ఉన్న రాష్ట్రంలోని మిగతా పిల్లలతో పోలిస్తే మన పిల్లలు ఈ ఏడాది ఎంత ముందుకెళ్ళారన్నది అందులో ఉంటుంది. కుమాన్ ట్యూషన్‌కి, మ్యాథ్ ఒలింపియాడ్‌కి పంపే మన ఇళ్ళ పిల్లలు ఏ స్కూల్లో ఉన్నా గీత దాటుతారు, దాని ఘనత స్కూల్‌ది అనుకుంటే స్కూలు ఏం చేస్తోందో ఎప్పటికీ తెలియదు. ఆ రిపోర్టులోనే గైర్హాజరు శాతం, టీచర్లు ఎంతమంది నిలబడుతున్నారన్నదీ ఉంటాయి. ఇవి కాకుండా మూడేళ్ళకోసారి క్యూసాక్ అని రాష్ట్రం తనిఖీ ఉంటుంది, బోధన, ఆర్థిక నిర్వహణ, బోర్డు పాలన, నిర్వహణ, సిబ్బంది అని ఐదు విభాగాలు, ఒక్కోదాంట్లో 80 శాతం రావాలి. నాన్నకి చెబితే "ఇన్‌స్పెక్షన్ అన్నమాట" అన్నారు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా అన్నదే ఎక్కువ చూస్తారని నా అనుమానం.

మే మొదటి వారంలో తుది ఓటు పడింది. కర్టసీ బస్సు రద్దు, స్పానిష్ టీచర్ పోస్టు ఒకటి రద్దు, మ్యాథ్ కోచ్ సగం పోస్టుకి కుదింపు. ఓటు నాలుగుకి మూడు. వ్యతిరేకించిన వాళ్ళలో ఒకావిడ, ప్రమాదకర మార్గాల జాబితాని తిరగరాసేదాకా రద్దు వాయిదా వేయాలని అడిగారు, మా ఫోటోలు ఆవిడ చేతిలో ఉన్నాయి. అప్పటికి నెగ్గలేదు.

తర్వాతి వారమే, మే 14న, కోత పడ్డ డిస్ట్రిక్టులకి పోయిన సాయంలో 45 శాతం తిరిగి ఇచ్చే చట్టం మీద గవర్నర్ సంతకం పెట్టారు. అంతకు ముందు ఏడాదీ ఇలాగే బడ్జెట్లు తయారవుతుండగా కొంత వెనక్కి ఇచ్చారు. చేతిలో పెట్టి, లాగేసుకుని, మళ్ళీ సగం చేతిలో పెట్టే ఈ ఆటలో చిన్న డిస్ట్రిక్ట్ దేన్నీ ప్లాన్ చేసుకోలేదు. ఇంకోటి చూడండి. ఉద్యోగ భద్రత ఇంకా రాని టీచర్లకి వచ్చే ఏడాది ఉద్యోగం ఉందో లేదో మే 15 లోపు చెప్పేయాలి. డబ్బు మే 14న వచ్చింది. స్పానిష్ టీచర్‌కి ఉత్తరం అప్పటికే వెళ్ళిపోయింది, మూడో ఏడాది ఆవిడకి, ఇంకో ఏడాది ఉంటే పర్మనెంట్ అయ్యేది. జూన్‌లో బోర్డు సగం పోస్టు తిరిగి పెడతామంటే ఆవిడ వేరే ఊళ్ళో పూర్తి ఉద్యోగం చూసుకున్నారు. మా చిన్నదానికి ఆవిడంటే ప్రాణం. ఇప్పుడు మా స్కూల్లో స్పానిష్ వారానికి రెండు రోజులు, మిగతాది కంప్యూటర్ మీద.

అదే చట్టం కోత పడ్డ డిస్ట్రిక్టులు రెండు శాతం దాటి, 9.9 శాతం దాకా పన్ను పెంచుకోవచ్చనీ వెసులుబాటు ఇచ్చింది. మా బోర్డు దాని జోలికి పోలేదు. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళు మా ఊళ్ళో చాలామంది, వాళ్ళు మీటింగ్‌లకీ వస్తారు, నవంబర్‌లో ఓటూ వేస్తారు. నేను పెంచమనే అన్నాను గానీ, నా పక్కన నిలబడి మాట్లాడిన ఎనభై ఏళ్ళ ఆయన పన్ను బిల్లు చూశాక ఆయన్ని తప్పు పట్టలేకపోయాను.

బస్సు సంగతి ఆగస్టులో తేలింది. జాబితా తిరగరాశారు. కౌంటీ రోడ్డు దాటాల్సిన మా కమ్యూనిటీ, దాని పక్కన అపార్ట్‌మెంట్లు ప్రమాదకర మార్గం కిందికి వచ్చాయి, కాబట్టి బస్సు ఉచితంగానే వస్తుంది. స్కూలుకి అవతల వైపు ఫుట్‌పాత్‌లున్న పాత వీధుల వాళ్ళు బస్సు కావాలంటే ఫీజు కట్టాలి, సబ్‌స్క్రిప్షన్ బస్సు అంటారు. వాళ్ళలో కొందరికి మా మీద కోపం ఉంది, "కొత్తగా వచ్చి మీరు సాధించుకున్నారు" అని ఒకాయన ముఖం మీదే అన్నాడు.

ఇలాంటి చిన్న డిస్ట్రిక్టులన్నీ కలిపేయాలని రాష్ట్రంలో ఎప్పటి నుంచో మాట ఉంది, కలవడం గురించి అధ్యయనం చేసుకోవడానికి డబ్బు కూడా ఇస్తున్నారు. ఆరేడు వందల మంది పిల్లలకి ఒక సూపరింటెండెంట్ జీతం అంటే నాకూ ఎక్కువే అనిపిస్తుంది. కానీ బస్సు కాంట్రాక్ట్ పట్టుకుని వెళ్తే స్క్రీన్ తిప్పి రూట్లు చూపించే మనిషి పదిహేను వేల మంది పిల్లలున్న చోట దొరుకుతుందా? బిజినెస్ ఆఫీసు, రవాణా పక్క ఊరితో పంచుకుని, స్కూళ్ళు ఎవరివి వాళ్ళకే ఉంచుకుంటే చాలని నా అభిప్రాయం. ఈ మాట ఈసారి జనవరిలోనే, ఫైనాన్స్ కమిటీకి రాసి పంపాను. అందిందని ఈమెయిల్ వచ్చింది, ఫిబ్రవరి ఎజెండాలో పెడతామన్నారు.